పదకొండు సెకన్లు

ఫిబ్రవరి రెండో శనివారం,
డులూత్‌లో సరస్సు గడ్డకట్టి
ఓడలు పని మానేసిన రోజుల్లో,
మా హాలు ముందు ముప్ఫై మంది నిలబడతారు.
ఆర్విడ్ కుక్కని కూడా లెక్కేస్తే ముప్ఫై ఒకటి.

నేను పైన, ప్రొజెక్టర్ గదిలో.
అరచేయంత కిటికీ నాది.
ఈ సినిమా నాకెప్పుడూ జనం తలల మీదుగానే తెలుసు:
ముందు ఉన్ని టోపీలు, వాటి అవతల ముద్దులు.

కథ పెద్దగా ఏం లేదు.
రేవులో ఒక టైపిస్టు, సెలవు మీద దిగిన నావికుడు,
మూడు రోజులు, రెండు అబద్ధాలు, ఒకే గొడుగు.
చివర్లో ఓడ కూత.
ఆమె రెయిలింగు మీంచి చెయ్యి ఎత్తి
నోరు తెరిచి ఏదో అనబోతుంది

అక్కడ తెగింది.

అరవై మూడులో మా నాన్న
సిగరెట్టుకని బయటికెళ్ళిన పుణ్యం.
రీలు దీపం ముందు ఆగిపోయి
పాలమీగడలా బుడగలెత్తింది.
పోయింది పదకొండు సెకన్లు.
మిగిలింది అతికించి మళ్ళీ ఆడించాడాయన.
ఆమె నోరు తెరుస్తుంది, టక్కుమంటుంది,
అప్పటికే ఓడ ఎక్కడో చుక్కంత.

ఆ టక్కు కోసమే వస్తారేమో వీళ్ళంతా.

ఆట అయ్యాక వరండాలో
కాఫీ పొగలతో పాటు తగువు లేస్తుంది.
"వెళ్ళకు, అంది," ఒట్టేస్తాడు ఆర్విడ్.
నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి,
ఎవరేం రాస్తారో తనకి తెలియదా అంటాడు.
"అంత చప్పటి మాటా!
'ఉత్తరం రాయకు, రాస్తే ఎదురు చూస్తాను' అంది.
మా అమ్మ చెవులారా విన్నది," అంటుంది
ముగ్గురు భర్తల్ని సాగనంపిన లొరేన్.
పందొమ్మిదేళ్ళ మాయ్ న్యా,
ఆమె అమ్మమ్మ కూడా ఈ దేశానికి రాకముందటి సినిమా ఇది,
"ఏమీ అనలేదేమో, దగ్గిందేమో, చలి కదా," అంది ఓసారి.
ఆ రాత్రి ఆ పిల్లకి బిస్కెట్లు అందలేదు.

డాగ్నీ మాత్రం చక్కెర కలుపుతూ
"నాకు తెలుసు," అంటుంది.
అంతే. ఏటా అంతే.
ఎనభై దాటాయి, చెప్పకుండానే పోతుందని మా భయం.

నిరుడు కాలిఫోర్నియా నుంచి కొత్త కాపీ వచ్చింది.
గీత లేదు, మరక లేదు,
కాలిన పదకొండు సెకన్లూ లోపల ఉన్నాయి.
ముందే చూడొచ్చు నేను. చెయ్యి రాలేదు.

ఆ చోటు వచ్చింది.
టక్కు లేదు.
ఆమె నోరు తెరిచింది.
మూసుకుంది.
చేతికి తొడుగు వేసుకుంది, ఒక్కో వేలూ,
తీరిగ్గా, బిల్లు కట్టేసిన మనిషిలా.
ఓడ కదిలింది.

దీపాలు వేశాను, ఎవరూ లేవలేదు.
జేబు కొట్టేయించుకున్నవాడిలా ఆర్విడ్.
గెలిచిన మాయ్ న్యా తల దించుకుంది.

మూడో వరసలోంచి డాగ్నీ గొంతు:
"ఆమె అనలేదు. నేనన్నాను.
యాభై ఎనిమిదిలో, ఈ కుర్చీలోంచే,
ఆ పక్క కుర్చీలో ఉన్న మనిషితో.
ఆమె ఊరుకుంది కదా,
ఎవరో ఒకరు అనాలనిపించింది."

ఆ మనిషి ఉన్నాడా వెళ్ళాడా ఎవరూ అడగలేదు.
"ఏమన్నావు?" అంది మాయ్ న్యా.
"నువ్వు దగ్గిందనే అనుకో, పిల్లా,
అదీ బాగానే ఉంది."

ఈ ఏడు ఏ కాపీ వెయ్యమంటారని అడిగాను.
అడగాల్సింది కాదు.
పాత డబ్బా తీసి, అతుకు మీద వేలు ఆనించి చూశాను,
మానిన గాయంలా కొంచెం ఎత్తుగా ఉంది.

ఓడ కూసింది. ఆమె నోరు తెరిచింది.
టక్కుమన్న చోట
కింద టోపీలన్నీ ఒక్కసారి కదిలాయి.
ఎవరేమన్నారో పైకి వినపడలేదు.
నేనూ ఏదో అన్నాను,
రీలు తిరిగే చప్పుడులో
నాకే సరిగ్గా వినపడలేదు.